బయటి కుట్టు

14

చంక కింద మచ్చ నీలంగా కూడా లేదు, నల్లగా ఉంది. దాని నడుమ బొటనవేలంత మేర చర్మం లేచిపోయి పచ్చిగా మెరుస్తోంది.

తడిగుడ్డ పట్టుకున్న పెద్ద కోడలి చెయ్యి అక్కడే ఆగిపోయింది.

"ఏమయిందే? నీళ్ళు చల్లారిపోయాయా?" అంది అత్తగారు, గోడవైపు తిరిగి పడుకునే.

"లేదత్తయ్యా."

"మరి ఆగావేం? ఒళ్ళు తుడుస్తూ ఆగితే చలేస్తుంది. ఎడమ పక్కకేలే. కుడి పక్కకి చలీ లేదు, వేడీ లేదు. మహారాణి."

పక్షవాతం వచ్చిన ఈ ఆరేళ్ళలో ఆవిడ తన కుడి పక్కని గురించి, లేని మూడో కోడలిని గురించి చెప్పినట్టు చెబుతుంది. పిలిస్తే పలకదు, చెప్పిన పని చెయ్యదు, తిండి మాత్రం సమంగా తింటుంది అని.

పెద్ద కోడలు మచ్చ పక్కన వేలితో నొక్కింది. "నొప్పిగా లేదూ?"

"ఎక్కడ?"

"ఇదిగో, నొక్కుతున్నాను."

"నువ్వు ముట్టుకున్నట్టు కూడా తెలీదు. ఏముందక్కడ?"

పెద్ద కోడలు తలెత్తి చూసింది. మంచం పక్కన ఇనపగొట్టాల స్టాండుకు కొత్త జోలె వేలాడుతోంది. తెల్లటి కాన్వాసు, ఒక్క పోగు పైకి కనపడకుండా కుట్టిన కుట్టు. తొమ్మిది రోజులుగా, రోజుకు నాలుగుసార్లు, దాన్ని అత్తగారి కింద పరిచి, కొక్కేలు తగిలించి, పిడి తిప్పి మంచం మీంచి కుర్చీలోకీ, కుర్చీలోంచి మంచం మీదికీ చేరుస్తోంది. అటువంటివే మరో నలభై, ఈ చేతులతో కుట్టినవే, పెద్దాసుపత్రి స్టోరులో కట్టలు కట్టి ఉన్నాయి. పదకొండు గంటలకు మేట్రన్ వస్తుంది. అన్నీ బాగున్నాయని పెద్ద కోడలు సంతకం పెట్టాక, సాయంత్రానికి అవి వార్డుల్లోకి వెళతాయి. ఒళ్ళు తెలియని మనుషుల కిందికి.

"నీ తోటికోడల్ని, ఆ చిన్నదాన్ని పిలువు," అంది అత్తగారు. కోడలు నోరు విప్పకపోయినా ఆవిడకు సంగతి తెలుస్తుంది.

"అది కిందికి రాదు."

"పిలిచావా?"

పెద్ద కోడలు గుడ్డ పిండింది.

"పిలవకుండానే రాదని ఎలా తెలిసిందే నీకు?"

అప్పుడే పెద్దకొడుకు గుమ్మంలోకి వచ్చాడు. ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, గుండీలు పెట్టుకుంటూ, భార్య ముఖం చూసి లోపలికి తొంగి చూశాడు. చూసినవాడు వెంటనే తల తిప్పుకున్నాడు.

"కాస్త పౌడరు వెయ్యి. తగ్గిపోతుంది."

"నలభై మందికీ నేనే వెళ్ళి వెయ్యనా?"

"మెల్లగా మాట్లాడు." ఆయన భార్యని వసారాలోకి లాక్కొచ్చినంత పని చేశాడు. "ఇన్నేళ్ళూ లేని మచ్చ ఇప్పుడెందుకొచ్చింది?"

"కుట్టు లోపలికి తిప్పాను గనక."

"అంటే?"

"పాత జోలెలకి కుట్లన్నీ బయటికుండేవి. ఒంటికి తగిలే వైపు నున్నగా ఉండేది. చూడటానికి తిరగేసి తొడుక్కున్న చొక్కాలా ఉండేది. స్టోరు ఆఫీసరు చూసి, ఇదేమిటమ్మా తిరగేసి కుట్టావు అని నలుగురిలో నవ్వాడు. పాతికేళ్ళుగా మిషను తొక్కుతున్నదాన్ని. నా చెవులు కాలిపోయాయి."

"తప్పేముంది? ఆయన చెప్పాడు, నువ్వు తిప్పావు. ఇప్పుడు అందంగా లేదూ?"

"అందంగానే ఉంది."

"మరి ఇంకేం? ముందు సంతకం పెట్టు. తరవాత సర్దుకుందాం." ఆయన కాస్త ఆగి, మేడవైపు గడ్డం ఎగరేశాడు. "కొంపదీసి ఆ పడక మేస్త్రిని పిలుస్తావా ఏం?"

"ఆ మాట అనకండి."

"ఇప్పుడొచ్చిందా పౌరుషం? మొన్న నువ్వూ నవ్వావు."

నవ్విన మాట నిజమే. ఆసుపత్రి నుంచి కాగితం వచ్చిన రోజున, 'తయారుచేసినవారు' అన్న చోట గీత ఒక్కటే ఉంది. చిన్నదాని పేరు కూడా రాయాలేమో అని ఈవిడే అంది. "అది ఏం కుట్టిందని?" అన్నాడు ఆయన. "పడుకుంది. పడుకోవడం కూడా పనేనా? అయితే నేనూ మేస్త్రినే, ఆదివారం ఆదివారం." ఈవిడకు నవ్వొచ్చింది. నవ్వుతూనే తన పేరు రాసింది. అక్షరాలు విడివిడిగా, పెద్దవిగా, గీత చివరిదాకా వచ్చేటట్టు రాసింది. ఇంకొకరి పేరు పట్టే చోటు మిగలకుండా.

మర్నాడు పొద్దున దేవుడికి దణ్ణం పెట్టుకుంటూ ఆ సంగతి గుర్తొచ్చి, గబగబా వేరే కోరిక కోరుకుంది.

ఇప్పుడు ఆయన గుండీ పెట్టుకోవడం ముగించి, మేట్రన్‌ని ఎదురెళ్ళి తీసుకొస్తానని బయటికి నడిచాడు. వెళుతూ వెళుతూ, "నోరు జారకు," అన్నాడు.

మేడమెట్లు ఎక్కుతుంటే పెద్ద కోడలికి మోకాళ్ళు పట్టేశాయి. మూడు వారాలయింది ఎక్కి.

పై వాటాలో కిటికీ పక్కన కూర్చుని చిన్న కోడలు ప్రూఫులు చూస్తోంది. ప్రెస్సువాళ్ళు పంపిన పొడుగాటి కాగితాలు ఒళ్ళో పెట్టుకుని, ఎర్ర పెన్నుతో అక్షరం అక్షరాన్నీ ఆగి ఆగి చూస్తుంది. తప్పులు పట్టడమే దాని ఉద్యోగమని అత్తగారు వచ్చినవాళ్ళందరికీ చెబుతుంది. బయటివాళ్ళు జీతమిచ్చి పట్టించుకుంటారట, మాకు మాత్రం ఉచితం అని.

పెద్ద కోడలు గుమ్మంలో గొంతు సవరించుకుంది.

"కూర్చోండి," అంది చిన్న కోడలు, తలెత్తకుండా.

ఆ 'కూర్చోండి' ఈవిడకు చెంప మీద కొట్టినట్టు తగిలింది. కాపురానికి వచ్చిన నాటి నుంచీ 'అక్కా, నువ్వు' అన్న మనిషి, మూడు వారాలుగా 'మీరు' అంటోంది. తిట్టినా ఇంత దూరమయ్యేది కాదు.

"అత్తయ్యకి చంక కింద చర్మం లేచిపోయింది."

పెన్ను ఆగింది. "కుడి పక్కేనా?"

"ఆఁ."

"కుట్టు లోపలికి తిప్పారా?"

పెద్ద కోడలు నివ్వెరపోయింది. "కొత్త జోలె నువ్వు చూశావా?"

"ఎవరు చూపించారు గనక? కుట్టు బయటికుండటం మీకు ఎన్నేళ్ళ నుంచో నలుసులా ఉంది. నేను పక్కన లేకపోతే మీరు ముందు చేసే పని అదే."

"ఆ స్టోరు ఆఫీసరు నలుగురిలో నవ్వాడే..."

"ఆయన్ని అందులో పడుకోబెట్టాల్సింది."

మరో రోజయితే ఇద్దరూ పడీ పడీ నవ్వేవారు. ఇవాళ ఆ మాట గదిలో అలాగే ఉండిపోయింది.

"తప్పయింది. ఒప్పుకుంటున్నాను. ఒక్కసారి కిందికొచ్చి, పడుకుని, ఎక్కడో చెప్పు. మేట్రన్ వచ్చేస్తుంది."

"నేనేం చెబుతానండీ? సూదిలో దారమెక్కించడం కూడా రానిదాన్ని. పడుకోవడం కూడా పనేనా అన్నారుగా బావగారు."

పెద్ద కోడలి ముఖంలో రంగు దిగిపోయింది. "నీకెవరు చెప్పారు?"

"ఒకరు చెప్పాలా? మెట్ల మీదే ఉన్నాను. కాగితం మీద పేరు లేదని నాకేం బాధ లేదు. నేను దిద్దిన పుస్తకాలు వందలున్నాయి, ఒక్కదాని మీదయినా నా పేరుందా? గీత ఒక్కటే ఉంది, ఒక్క పేరే పట్టింది. సరే. నవ్వెందుకొచ్చిందో అది చెప్పండి."

నవ్వెందుకొచ్చిందో పెద్ద కోడలికి తెలుసు. అయినా అది బయటికి చెప్పుకునే రకం కాదు.

చిన్న కోడలికి పెళ్ళి కాకముందు లారీ గుద్ది నడుం విరిగింది. ఎనిమిది నెలలు ఆసుపత్రిలో కట్టుతో పడి ఉంది. ఎత్తేవాళ్ళ చేతుల్లో మనిషి మూట ఎలా అవుతుందో అక్కడ తెలుసుకుంది. అత్తగారికి పక్షవాతం వచ్చిన కొత్తలో, ఇద్దరూ మోయలేక మోస్తుంటే, "అక్కా, ఒక్కరే ఎత్తగలిగేటట్టు ఓ గుడ్డ కుట్టలేవూ?" అని అడిగింది తనే. కుట్టింది ఈవిడ. కుట్టిన ప్రతి జోలెలోనూ చిన్న కోడలు కళ్ళు మూసుకుని, ఒళ్ళు వదిలేసి, ప్రాణం లేని మనిషిలా పడుకునేది. అత్తగారి కుడి పక్క చెప్పలేనిదంతా ఆమె ఒళ్ళు చెప్పేది. పైకి లేపగానే ఈవిడ "ఎక్కడ?" అనేది. ఆమె "ఇక్కడ" అనేది. కత్తెర అక్కడికి వెళ్ళేది.

నీ ఒళ్ళే సుకుమారమని ఈవిడ విసుక్కునేది. నీ కుట్టే మొరటని ఆమె అనేది. ఇరవై తొమ్మిదో జోలె రోజున ఈవిడకు పట్టరాని కోపం వచ్చి, సగం కుట్టినదాన్ని తిరగేసి ఉన్నది ఉన్నట్టే మంచం మీదికి విసిరేసింది. చిన్న కోడలు అలాగే, అందులోనే పడుకుంది. పిడి తిప్పాక కళ్ళు తెరిచి ఈవిడ వైపు చూసింది. "అక్కా, మళ్ళీ తిప్పి కుట్టకు," అంది.

మరి దాన్ని కనిపెట్టింది ఎవరు? విసిరిన మనిషా, విసిరినదాంట్లో పడుకున్న మనిషా? దేవుడు ఒకరికి చేతులిచ్చి, ఆ చేతులు చేసిన తప్పు తెలిసే ఒళ్ళు ఇంకొకరికి ఎందుకిచ్చాడు? కాగితం ముందు కూర్చున్నప్పుడు ఈ ప్రశ్న వేసుకుని ఉంటే బాగుండేది. అప్పుడు నవ్వొచ్చింది.

"అత్తయ్య పిలుస్తోంది," అంది పెద్ద కోడలు, ఇంకేమీ దొరక్క.

చిన్న కోడలు పెన్నుకు మూత పెట్టి లేచింది. "అత్తయ్య పిలిస్తే వస్తాను."

కింద, అత్తగారి చెయ్యి ఎత్తి ఆ మచ్చని చూసి చిన్న కోడలు చేతులు కడుక్కొచ్చింది. లేపనం పూసింది. తరవాత ఇద్దరూ, ఒకరు భుజాల కింద, ఒకరు మోకాళ్ళ కింద చేతులు వేసి, జోలె లేని రోజుల్లోలాగే ఆవిడని కుర్చీలోకి చేర్చారు. ఒకరితో ఒకరు ఒక్క మాట అనుకోకుండానే అడుగులు కలిశాయి.

"ఇలా అయినా ఒక చోటికి చేరారు," అంది అత్తగారు ఆయాసపడుతూ. "నా చర్మం ఊరికే పోలేదు."

ఎవరూ నవ్వలేదు. గడియారం పదింపావు దాటింది.

చిన్న కోడలు ఖాళీ అయిన మంచం మీద కొత్త జోలె తనే పరుచుకుంది. పడుకుంది. కళ్ళు మూసింది. ఒళ్ళు వదిలేసింది. ఆ వదలడం ఎన్నిసార్లు చూసినా పెద్ద కోడలికి గుండె ఝల్లుమంటుంది. కొక్కేలు తగిలించి పిడి తిప్పింది. టక్, టక్ మంటూ జోలె లేచింది.

"ఎక్కడ?"

పెద్ద కోడలు ఇంకాస్త వంగింది.

"ఎక్కడే?"

"ఎక్కడా లేదు," అంది చిన్న కోడలు కళ్ళు తెరవకుండా. "బాగుంది."

ఆరేళ్ళలో ఆ నోట ఆ మాట వినలేదు. ఇప్పుడు వింటే ఒంటి మీద జెర్రి పాకినట్టయింది.

"నిజం చెప్పు."

"నిజమే. చాలా బాగుంది. సంతకం పెట్టండి."

దించాక, చిన్న కోడలు లేచి కూర్చుని జాకెట్టు చెయ్యి కిందికి లాక్కుంది. లాక్కునే లోపలే చంక దగ్గర ఎర్రటి గీత కనపడనే కనపడింది.

"అదేమిటి మరి?"

"నా ఒళ్ళు సుకుమారం."

"ఏమే," అంది కుర్చీలోంచి అత్తగారు, "మీ పంతాలు తీర్చుకోవడానికి మీకు నా చర్మమే దొరికిందా? ఒకత్తి నిజం రాయక, ఇంకొకత్తి నిజం చెప్పక!"

"మీ జోలె నేను చూసుకుంటానత్తయ్యా. పాతది పెట్టెలో ఉంది, పొద్దుటికల్లా బాగుచేయిస్తాను. ఆ నలభై మాత్రం నావి కావు," అంది చిన్న కోడలు.

"వాటిల్లో పడుకునేవాళ్ళో?" అంది పెద్ద కోడలు.

చిన్న కోడలు జోలె అంచు మడత సరిచేసింది. "మీరే చెప్పొచ్చుగా మేట్రన్‌తో, ఇవి పనికిరావని."

"ఎలా తెలిసిందని అడిగితే?"

"పడుకుని చూసే మనిషి ఒకత్తి ఉంది, తను చూడలేదు అని చెప్పండి."

"ఇప్పుడా? కాగితంలో నేనొక్కదాన్నే అని రాసిచ్చాక? అబద్ధం రాశావా అనరూ?"

"అనరా మరి?" చిన్న కోడలు మంచం దిగి పక్కకు జరిగింది. "పోనీ, మీరే పడుకోండి. చేసినవారే చూసి చెప్పారంటే అందులో అబద్ధమేమీ ఉండదు."

వెటకారమో, దారి చూపిస్తోందో తెలియలేదు. పెద్ద కోడలు చీర కుచ్చిళ్ళు బిగించుకుని జోలెలో పడుకుంది. చిన్న కోడలు కొక్కేలు తగిలించి పిడి అందుకుంది. పరుపు వీపుని విడిచిపెట్టింది.

"ఒళ్ళు వదలండి."

"వదిలాను."

"వదల్లేదు. మెడ బిగపట్టుకున్నారు."

"వదిలానంటున్నాగా!"

"పిడికిళ్ళెందుకు మరి?"

చూసుకుంటే నిజమే. విప్పితే భుజాలు బిగుస్తున్నాయి, భుజాలు సడలిస్తే కాళ్ళు బిగుస్తున్నాయి. పాతికేళ్ళు మిషను మీద వంగిన ఒళ్ళు, తనని తాను వదులుకోవడం దానికి తెలియదు. ఇంత కష్టమా ఇది? ఆదివారం ఆదివారం మేస్త్రినన్న మనిషిని తెచ్చి ఇందులో వేలాడదీస్తే బాగుండును. తనని కూడా, నవ్వినందుకు.

"నా కుడి పక్కలా ఉండవే," అంది అత్తగారు. "ఎవరు పిలిచినా పలకకు. ఎవరేమన్నా నీది కాదనుకో."

పెద్ద కోడలు కళ్ళు మూసుకుంది. ఊపిరి ఒకసారి పూర్తిగా వదిలింది. ఏదో తెగినట్టు ఒళ్ళు కిందికి జారింది. అప్పుడు దిగింది కుట్టు. చంక కింద, సన్నగా, మంటగా, చేపల గాలం దారంలా, ఆమె సొంత బరువే దాన్ని లోపలికి నొక్కుతుంటే.

"ఇక్కడ!" అని అరిచింది.

"ఎక్కడ?" చిన్న కోడలు అప్పుడే వంగింది. వేళ్ళు తిన్నగా కుట్టు మీదికి వెళ్ళాయి. "మడతతో పాటా, దాని అంచు దగ్గరా?"

"అంచు. రెండు కుట్లూ కలిసిన చోట."

"నాకూ అక్కడే. అక్కా, ఇది తిప్పినా..."

వీధి తలుపు చప్పుడయింది. చిన్న కోడలు చెయ్యి వెనక్కి తీసుకుంది. 'అక్కా' అన్న మాట నోరు జారిందని తనకూ తెలిసింది. ముఖం మళ్ళీ మూసుకుపోయింది.

పెద్దకొడుకు మేట్రన్‌ని వెంటబెట్టుకుని లోపలికి వచ్చాడు. మేట్రన్ లావుపాటి మనిషి, కళ్ళజోడు గొలుసుతో మెడకు వేసుకుంది, చంకలో ఫైలు. గాల్లో వేలాడుతున్న పెద్ద కోడలిని చూసి ఆయన ఒక్క క్షణం తడబడి, వెంటనే నవ్వు తెచ్చుకున్నాడు.

"చూశారా మేడం, చేసిన మనిషే ఎక్కి చూపిస్తోంది!"

"అబ్బ, ఇలాంటివాళ్ళుండాలి," అంది మేట్రన్ మెచ్చుకోలుగా. ఫైలు తెరిచి బల్ల మీద పరిచింది. "ఎలా ఉందమ్మా? హాయిగా ఉందా?"

పెద్దకొడుకు భార్య కళ్ళలోకి చూస్తున్నాడు. అత్తగారు చూస్తోంది. చిన్న కోడలు స్టాండు పక్కన నిలబడి, ఎవరి వైపూ చూడటం లేదు.

"కోస్తోందండీ," అంది పెద్ద కోడలు.

"ఏమిటీ?"

"కుట్టు కోస్తోంది. మా అత్తగారికి చర్మం లేచిపోయింది. ఆవిడకి తెలియలేదు. ఆ నలభై ఆపండి, ఎవరికీ వెయ్యకండి."

"ఏదో కంగారులో..." అని పెద్దకొడుకు అందుకోబోయాడు. మేట్రన్ చేత్తో ఆపింది. ఆవిడ గొంతులో మెచ్చుకోలు పోయింది.

"పంపేముందు ఎవరూ చూడలేదా దీన్ని?"

"ప్రతిదీ మా చిన్నదే చూసేదండీ." మాటలు ఆయాసంతో తెగిపోతున్నాయి. "ఇందులో సగం దానిది. సగానికి పైనే. ఈసారి దాన్ని పడుకోబెట్టలేదు. అందుకే ఇలా అయింది."

మేట్రన్ కళ్ళజోడు పెట్టుకుని కాగితం చూసింది. గీత పొడుగునా వేలు నడిపించింది.

"ఇక్కడ ఒక్కరి పేరే ఉందే?" కళ్ళజోడు పై నుంచి చిన్న కోడలి వైపు చూసింది. "ఏమ్మా, ఇది నువ్వు కూడా చేసిందేనా?"

చిన్న కోడలు జాకెట్టు చెయ్యి మళ్ళీ కిందికి లాక్కుంది.

"నాకు కుట్టు రాదండీ," అంది ఎంతో మర్యాదగా. "నేను పై వాటాలో ఉంటాను."

"మరి ఆవిడ నీ పేరెందుకు చెబుతోంది?"

"తప్పు బయటపడింది కదండీ. ఒప్పయినప్పుడు చెప్పలేదు."

మేట్రన్ ముఖం గట్టిపడింది. ఫైలు మూసి, పెద్ద కోడలి వంక చూసిన చూపులో ఇప్పుడు అసహ్యం కూడా ఉంది. "మీ తప్పు మీరు మోయండమ్మా. ఇంట్లో పిల్ల మీదికి నెట్టకండి."

"చిన్నా!" అంది అత్తగారు. "ఇటు రావే. ఒక్కసారి ఇటు రా!"

అప్పటికే మేడమెట్ల మీద అడుగుల చప్పుడు మొదలయింది. అది తొందరగా లేదు, ఆగడమూ లేదు.

పెద్ద కోడలు కుట్టు కోస్తున్న చంకని చేత్తో ఎత్తిపట్టుకోబోయింది. చెయ్యి అందలేదు. పెద్దకొడుకు వచ్చి పిడి పట్టుకుని ఇటు ఊపాడు, అటు ఊపాడు. అది కదల్లేదు. ఆ గదిలో నిలబడ్డవాళ్ళలో ఆమెని కిందికి దించడం ఎవరికీ తెలియదు.